చెప్పులు మెత్తబరిచే పని

“నీ కాలూ రమ కాలూ ఒకటే సైజు కదే, నువ్వెళ్ళి పట్టుకొచ్చెయ్” అన్నాడు గున్నేశ్వరరావు కొట్టుకి వెళ్తూ భార్య సత్యలక్ష్మితో, కొత్తిమీర కట్ట తెమ్మన్నంత తేలిగ్గా. రమ అతని చెల్లెలు. ఇంకో పదిహేను రోజుల్లో పెళ్ళి. పెళ్ళికొడుకు భీమవరంలో బ్యాంకు ఉద్యోగి, ఆరడుగుల మనిషి. రిసెప్షన్ ఫోటోల్లో పిల్ల అతని భుజానికైనా అందాలంటే ఎత్తు మడమల చెప్పులు కావాలన్నారు. పెళ్ళి కుదిరిన పిల్ల ఎండలో బజారుకెళ్తే కమిలిపోతుందని అత్తగారి బెంగ. కోడలు కమిలితే ఎవరికీ నష్టం లేదు కాబట్టి సత్యలక్ష్మి వెళ్ళింది. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి వేసవి అది. రోడ్డు మీద తారు కరుగుతోంది.

రాజమండ్రి మెయిన్ రోడ్డు షాపులో మూడో పెట్టె తెరవగానే ఆమె మనసు పారేసుకుంది. బంగారు రంగు సన్నటి పట్టీలు, వాటి మీద జరీ తీగ, వెనక రెండంగుళాల మడమ. తొడుక్కుని చిన్న అద్దం ముందు నిలబడింది. పాదాల వరకే కనిపిస్తోంది. ఆ కాళ్ళు తనవేనా అనుకుంది. పన్నెండేళ్ళ కాపురంలో వాటికేసి చూసుకున్నది మడమలు పగిలి నెత్తురొచ్చినప్పుడే. తన పెళ్ళికి చెప్పులు అడిగితే, “బుట్టలో కూర్చోబెట్టి మావయ్య ఎత్తుకొస్తాడు, చెప్పులెందుకే?” అంది అమ్మ. ఆ తరవాత ఆమెను ఎత్తుకున్నవాళ్ళెవరూ లేరు.

ఇంటికి రాగానే అత్తగారు ఇంకో పని అప్పజెప్పింది. “కొత్త చెప్పులు కరుస్తాయి. పెళ్ళిలో పిల్ల కుంటితే ఏం బాగుంటుంది? నువ్వు తొడుక్కుని తిరిగి మెత్తబరుచమ్మాయ్. ఇంట్లో కాదు, పెరట్లో. నీళ్ళు తగలనివ్వకు.” పెరట్లో నీళ్ళు తగలని పని ఏముంది? అంట్లు, బట్టలు, నూతి దగ్గర తోడటం. మిగిలింది అందరూ భోంచేసి పడుకునే మధ్యాహ్నపు గంట. సత్యలక్ష్మి నడుం వాల్చేది ఆ గంటే.

రెండు రోజులు కరవనే కరిచాయి. బొటనవేలి పక్కన బొబ్బ లేచి చితికింది. రమ చూసి, “అయ్యో వదినా, ఇంత కరుస్తున్నాయా? అయితే ఇంకో నాలుగు రోజులు తొడుక్కో” అంది. పాపం, చెడ్డ పిల్లేమీ కాదు.

మూడో రోజు నడక కుదిరింది. ఆ రెండంగుళాల ఎత్తుతో ప్రహరీగోడ మీంచి వెనక సందు కనిపించింది. ఇన్నేళ్ళూ గోడ అవతల మాటలు వినడమే గాని మనుషుల్ని చూసింది లేదు. అప్పడాలు ఎండబెడుతున్న వెనకింటి పాపాయమ్మ తలెత్తి, “అన్నం తిన్నారాండీ?” అంది. తనింట్లో సత్యలక్ష్మిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఇంటినిండా మనుషులుండగా తనెంత ఒంటరిదో అప్పుడు తెలిసి ఏడుపొచ్చింది. “తిన్నానండి” అని అబద్ధం చెప్పింది.

ఒకరోజు గున్నేశ్వరరావు పెరట్లోకి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. “ఏంటే, గెడకర్రలా ఉన్నావ్. దిగు” అన్నాడు.

పదోనాటికి పట్టీలు వెన్నలా అయ్యాయి. హాల్లో రమ తొడుక్కుని రెండడుగులు వేసి, “వదినా, జారిపోతున్నాయి” అంది. సైజు ఒకటే. కానీ ఏళ్ళ తరబడి ఉత్తకాళ్ళతో పొయ్యి ముందు నిలబడి సత్యలక్ష్మి పాదాలు విచ్చుకున్నాయి, పట్టీలు వాటికి తగ్గట్టు సాగాయి. ఈ సంగతి ముందు ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

“దానికేముంది, ఇంకో జత తెస్తే సరి” అన్నాడు గున్నేశ్వరరావు. “ఇంకా రోజులున్నాయిగా, మళ్ళీ మెత్తబరుద్దువు గాని. ఇవి పనిమనిషి రత్తమ్మకిచ్చెయ్, కూతురికేస్తుంది.”

సత్యలక్ష్మి ఎదురుచూసింది. ఒక్కరైనా, కనీసం రమైనా, అవి వదిననే ఉంచుకోనివ్వండి అంటారేమోనని. అత్తగారు శుభలేఖల మాటెత్తింది. రమ గాజుల పెట్టె తెరిచింది. వీళ్ళ లెక్కన రత్తమ్మ కూతురికి కాళ్ళున్నాయి, తనకు లేవు.

వంగి, ఆ నట్టింట్లోనే చెప్పులు తొడుక్కుని పట్టీ బిగించింది.

“నట్టింట్లో చెప్పులేంటమ్మాయ్!” అంది అత్తగారు.

“కొత్త జత రమనే తొడుక్కుని తిరగమనండి. ఇవి నేనెవరికీ ఇవ్వను” అంది సత్యలక్ష్మి. గొంతు పెంచలేదు.

గున్నేశ్వరరావు నవ్వాడు. “సరే, ఉంచుకో. అవేసుకుని ఎక్కడికెళ్తావేంటి?”

ఆమె నిజంగానే ఆలోచించింది. అమ్మ పోయాక పుట్టిల్లు లేదు. స్నేహితురాళ్ళ ఊళ్ళేవో కూడా గుర్తు లేవు. వెళ్ళాల్సిన చోటు ఒక్కటీ తట్టలేదు.

“తెలీదండి. వెళ్ళి చూస్తాను” అని వీధి తలుపు గడియ తీసింది.