ఎవరి తమ్ముడి కారు

నా తమ్ముడు నధీర్ పోయాక అతని పాత డీజిల్ కారు నాకు వచ్చింది. రోజూ దానిలోనే బడికి వెళ్తున్నాను. అతనిది అంటూ నా దగ్గర ఉన్నది అదొక్కటే. మిగిలినదంతా అతని స్నేహితుడు బూజెమా దగ్గర ఉంది.

బూజెమాకు మా కొండల ఊరు కాన్‌స్టంటీన్‌లో బట్టల కొట్టు ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక అతనూ నధీర్ కలిసి ఆ కారు కింద దూరేవారు. సాయంత్రానికి నల్లటి చేతులతో, ఏదో తమలో తాము నవ్వుకుంటూ లేచేవారు. ఏమిట్రా అని అడిగితే "నీకు తెలీదులే అన్నయ్యా" అనేవాడు నధీర్. జబ్బు సంగతి కూడా ముందు అతనికే చెప్పాడు. నాకు అతను ఆస్పత్రిలో చేరాకే తెలిసింది.

అందుకని ఈ కారునైనా బూజెమా చేతిలో పడనివ్వకూడదనుకున్నాను.

వసంతం చివర్లో కారు ఈల వేయడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నగా, పళ్ల సందుల్లోంచి ఊదినట్లు. తర్వాత నూనె తాగడం, వెనక నీలం పొగ. చివరికి ఎత్తు మీద కూరగాయల బండ్లు కూడా నన్ను దాటిపోయాయి. ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో పోయిందనీ, ఈ వయసు కారుకి కొత్తది దండగనీ, తుక్కుకి అమ్మేయమనీ అన్నారు. బూజెమాకు నేను చెప్పలేదు. అతనే వచ్చాడు.

"కొట్లో కూర్చుంటే వినబడింది షేఖ్, ఆ ఈల. మా తమ్ముడి కారు అలా ఏడుస్తుంటే నాకు చెప్పరేం?"

మా తమ్ముడు. బూజెమాకు పళ్లమ్మేవాడూ తమ్ముడే, ట్రాఫిక్ పోలీసూ తమ్ముడే. నన్ను మాత్రం షేఖ్ అంటాడు, బడిపంతులిని కనుక. ఊరందరినీ తమ్ముళ్లను చేసుకున్నవాడికి నాకున్న ఒక్క తమ్ముడు కూడా కావలసి వచ్చాడా అని ఎన్నోసార్లు అనుకున్నాను.

బానెట్ ఎత్తి, గాలిగొట్టం ఊడదీసి, లోపలి చక్రాన్ని వేలితో ఆడించాడు.

"పాలపన్నులా ఊగుతోంది. పదండి, తజెనానెత్ వెళ్దాం."

తజెనానెత్‌లో పాత కార్ల సామాన్లు గుట్టలుగా పోసి అమ్ముతారు. మర్నాటికి టర్బో ఊడదీసి, అతని వ్యానులో వెళ్లాం. పాత టర్బోను సంచిలో పెట్టుకుని నేను మోశాను. అతను అందుకోబోతే ఇవ్వలేదు.

కొట్టువాడు లావుపాటి మనిషి. నన్ను కిందినుంచి పైదాకా చూసి బూజెమాతో, "టై కట్టుకొచ్చాడేంటి ఈయన? టర్బోకి పెళ్లిచూపులా?" అన్నాడు. తర్వాత సంచిలోకి తొంగిచూసి, "ఎవరిదీ కారు?"

"మా తమ్ముడిది. రంజాన్‌కి ముందు పోయాడు," అన్నాడు బూజెమా.

కొట్టువాడు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. బూజెమాను గట్టిగా కావలించుకున్నాడు.

"అల్లా నీకు ఓర్పునివ్వాలి. సొంత తమ్ముడా! చిన్నవాడేనా?"

"చిన్నవాడే."

బూజెమా కళ్లు తుడుచుకున్నాడు. కొట్టువాడు నావైపు తిరిగి, "మీరు?" అన్నాడు.

"తెలిసినవాణ్ణి," అన్నాను.

బూజెమా నా ముఖంలోకి చూశాడు. అప్పుడైనా అన్నను నేనని చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. కొట్టువాడు బయట గుట్టలో వెతకనివ్వకుండా, లోపల దాచుకున్న మంచి టర్బో ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. నేను ఖాళీ సంచి పట్టుకుని వెనక నడిచాను.

ఊరికి తిరిగొచ్చాం. మా వీధిలోనే దాన్ని బిగించాం. మసితో పూడిపోయిన నూనెగొట్టాన్ని అతను తీసి మార్చాడు, అడిగిన పానా ప్రతిదీ నేను అందించాను. అంతా అయ్యాక నేనే నడుపుతానన్నాను. అతను పక్కన కూర్చున్నాడు. కొండదారిలో ఈల లేదు, పొగ లేదు.

"కోపమొచ్చింది కదా," అన్నాడు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదు." కిటికీవైపు తిరిగాడు. "వాడు పోయినప్పుడు మూడు రోజులు మీ ఇంటిముందు కుర్చీలు వేశాను, కాఫీలు మోశాను. వచ్చినవాళ్లంతా మీ ఇంటివాళ్ల వరసతో చేతులు కలిపి, నా చేతిలో ఖాళీ కప్పులు పెట్టి వెళ్లారు. ఒక్కడు కూడా నన్ను పలకరించలేదు. ఆ లావాయనే మొదటివాడు. ఆపబుద్ధి కాలేదు షేఖ్."

నాకు జాలి కలిగింది. అయినా ఆ పలకరింపు నాది, దాన్ని ఇంకొకడు తీసుకున్నాడు అనే బాధ పోలేదు.

"మీరంటే నాకూ కుళ్లే, తెలుసా?" అన్నాడు. "వాడు నాకు తెలిసింది మీసాలొచ్చాకే. అంతకుముందువాడు మొత్తం మీ దగ్గరే ఉన్నాడు. ఎలా ఉండేవాడు?"

"చిన్నప్పుడు లోయ వంతెన మీద కళ్లు మూసుకునేవాడు. బడికి వెళ్లేటప్పుడు నా కోటు జేబు పట్టుకుని దాటేవాడు."

"నధీరా?" బూజెమా పగలబడి నవ్వాడు. "ఆ వంతెన కమ్మీల మీదెక్కి కూర్చుని సిగరెట్ కాల్చేవాడు, చూస్తే నా గుండె జారిపోయేది! ఇంకా? ఇంకా చెప్పండి."

"ఇంకేం లేదు," అన్నాను.

ఉన్నాయి. నిద్రలో పాఠాలు అప్పజెప్పేవాడు. ఖర్జూరం గింజలు దిండు కింద దాచుకునేవాడు. ఒక చలికాలమంతా నా బూట్లు తొడుక్కుని తిరిగాడు. నేను అడిగితే, విప్పనన్నాడు.

కారు తేలిగ్గా ఎక్కుతోంది. బూజెమా నావైపే చూస్తూ కాచుకుని ఉన్నాడు. నేను రోడ్డుమీంచి చూపు తిప్పలేదు.