దొర్కా పగబట్టి బాగుచేయించిన కంప్యూటర్

కోరాపుట్ తెలుగు చర్చిలో ఒక కంప్యూటర్ ఉండేది. పేరున్న పెద్ద కంపెనీది. సునాబెడ క్వార్టర్సులో ఉండే ఒకాయన రిటైరై వెళ్లిపోతూ, పాటలు తెర మీద వేసుకోండని ఇచ్చి వెళ్లాడు. దాని నెమ్మదితనం గురించి చెప్తే నమ్మరు. మీట నొక్కి, దమంజోడిలో చుట్టాలింటికి వెళ్లి, భోంచేసి, కునుకు తీసి వచ్చినా అది ఇంకా ఆవులిస్తూనే ఉండేది. దాని పక్కన స్టూలు మీద కూర్చుని చరణం వెనక చరణం తెర మీదికి పంపే పని దొర్కాది. ఆసుపత్రిలో నర్సు. వారమంతా సూదులు పొడిచి పొడిచి అలిసిపోయిన చేతికి ఆదివారం ఆ మౌసు పట్టుకోవడమే పండగ.

ఈస్టరు నాడు ఆ కంప్యూటర్ రెండో చరణం దగ్గర బిగుసుకుపోయింది. అక్కడివాళ్లకి తెర మీద ఏది కనపడితే అదే పాడటం అలవాటు. పాడారు, పాడారు, పాడుతూనే ఉన్నారు. తబలా ఆయన వేళ్లు బూరెల్లా పొంగాయి. పాకుతూ చర్చిలోకొచ్చిన ఒక పసివాడు ఆ చరణం అయ్యేలోగా నడక నేర్చేసుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పాటల నాయకుడు అమృతరావు. దొర్కా అక్క ఏసమ్మకి మొగుడు, అంటే దొర్కాకి బావ. మైకు అతని చేతిలోనే ఉంది.

"ఆడోల్ల సేతికి మిషనిస్తే ఇలాగే ఉంటాది," అన్నాడు మైకులో. "లెగమ్మీ, స్టూలు దిగు. ఇది మగోల్ల పని."

చర్చంతా నవ్వింది. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దొర్కా స్టూలు దిగింది గానీ, ఆ నవ్వు మాత్రం ఆమె చెవుల్లోంచి దిగలేదు.

కంప్యూటర్‌ని విరిగిన కుర్చీల గదిలో పడేశారు. క్రిస్మస్ దగ్గరపడేసరికి, పుస్తకాల్లో అక్షరాలు ఆనక ముసలివాళ్లు గొణగడం మొదలెట్టారు.

"రాయగడ పట్టుకెల్లి నాను బాగుసేయించి తెస్తాను," అంది దొర్కా.

"తే, తే. కూకోడానికి నానున్నాను కదా," అన్నాడు బావ.

మండుతున్న పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టయింది ఆమెకి. "కూకుందువుగాని బావా," అంది తియ్యగా.

కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైలెక్కింది. ఆ దారిలో సొరంగాలు ఎన్నంటే, అరటిపండు వెలుతురులో ఒలవడం మొదలుపెడితే చీకట్లో తినాలి. ఎదురు సీటు ముసలామె దుప్పటి చూసి చంటిబిడ్డ అనుకుంది. "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది.

"ఏల్లొచ్చేయి గాని ఎదుగుదల నేదు. డాక్టరు కాడికి తీసుకెల్తన్నాను," అంది దొర్కా.

రాయగడలో రిపేరు కొట్టు సౌమ్యరంజన్‌ది. ఒడియా అబ్బాయి, తెలుగు బాగానే వచ్చు, 'అక్కా' అనడానికి మాత్రం 'దిది' అనేవాడు. డబ్బా మూత తీస్తే లోపల వంకాయ నారు పోసుకునేంత దుమ్ముంది. పాత డిస్కు తీసి కొత్త ఎస్‌ఎస్‌డి పెట్టాడు. ర్యామ్ పెంచాడు. కొత్త పవర్ బాక్సు తీగ మాత్రం ఎంత నొక్కినా దిగలేదు.

"పెద్ద కంపెనీ మిషన్ కదా దిది, పెద్దింటి అత్తగారిలాంటిది. బయటోల్లు వండింది ముట్టదు," అంటూ మధ్యలో ఒక మార్పిడి తీగ వేసి ఒప్పించాడు. కంపెనీ ఫ్యాన్ చచ్చిపోయింది, బజారు ఫ్యాన్ బిగించాడు.

మీట నొక్కగానే తెర నల్లబడి ఇంగ్లీషులో రాసింది: ఫ్యాన్ దొరకలేదు, ముందుకెళ్లాలంటే ఎఫ్ వన్ నొక్కండి. అతను కీబోర్డు మీద నొక్కాడు. అంతే, కళ్లెం వదిలిన గుర్రం.

"కొత్త ఫ్యాన్‌ని గుర్తుపట్టదు దిది. ఆన్ చేసినప్పుడల్లా ఇలా అడుగుతుంది. సెట్టింగులో మాన్పించేస్తా."

"మౌసు నొక్కితే కదలదా?"

"ఉహూ. అప్పటికి మౌసు పని చెయ్యదు. కీబోర్డే కావాలి."

దొర్కా మొహం వెలిగిపోయింది. "మాన్పించకు తమ్ముడూ."

"అది జబ్బు దిది!"

"జబ్బు కాదు. మా బావకి మందు."

క్రిస్మస్ ముందురోజు కంప్యూటర్‌ని తానే ఆన్ చేసి ఉంచి బావని పిలిచింది. మౌసు తాకితే చాలు, చరణాలు చేపపిల్లల్లా గెంతుతున్నాయి. బావ మురిసిపోయాడు. అతను వెళ్లాక కంప్యూటర్ ఆపేసి, కీబోర్డు పీకి తువ్వాల్లో చుట్టి, సంచిలో వేసుకుంది.

తెల్లారి చర్చి కిక్కిరిసింది. కొత్త కోటుతో అమృతరావు స్టూలెక్కి మీట నొక్కాడు. పెద్ద తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. ఇంగ్లీషు పాట కాబోలని జనమంతా లేచి నిలబడ్డారు. తబలా ఆయన దానికి తాళం కూడా ఎత్తుకున్నాడు. అమృతరావు మౌసు నొక్కాడు, బాదాడు, బతిమాలాడు. ఎఫ్ వన్ నొక్కమని చక్కగా చదువుకున్నాడు. నొక్కడానికి కీబోర్డేదీ? బల్ల కిందికి దూరి వెతికాడు. దుకాణాలు ఇంకా తెరవలేదు. పాస్టరుగారు గడియారం చూస్తున్నారు. చివరికి ఆడవాళ్ల వైపుకొచ్చి వంగాడు.

"అమ్మీ, కీబోర్డేదే?" అన్నాడు గుసగుసగా.

"ఏటి బావా? వినపడనేదు."

"కీబోర్డే!"

"మైకులో అడుగు. నన్ను దింపింది మైకులోనే కదా."

పక్కనున్న ఏసమ్మ చెయ్యి గిల్లింది. "ఒలే, పండగ పూట పగలేటే? ఇచ్చీయే!"

"ఆ రోజు నువ్వూ నవ్వేవక్కా. నాకు గురుతే."

అమృతరావు మైకు తీసుకున్నాడు. "కీబోర్డు దొర్కా కాడుంది. వచ్చి పెట్టాలి..."

"అది కాదు. ఇది ఎవల పనో సెప్పు," అంది దొర్కా కూర్చున్న చోటునుంచే.

అమృతరావు మైకు మళ్లీ నోటికి ఆనించాడు. "ఇది... దొర్కా పని."

ఆ మైకు ఒక మాటంటే పది అనే రకం. పని, పని, పని అంటూ గోడలన్నీ తిరిగి, కిటికీలోంచి దూకి, సిమిలిగుడ సంతలో కూరగాయలమ్మే వాళ్లక్కూడా వినపడింది.

అప్పుడు లేచింది దొర్కా. పెళ్లికూతురైనా అంత నెమ్మదిగా నడవదు. బావని పక్కకి తప్పించి, స్టూలు మీద అతను కూర్చున్న చోటు తువ్వాలుతో ఒకసారి తుడిచి, అప్పుడు కూర్చుంది. కీబోర్డు తగిలించి ఒక్క మీట నొక్కింది. పాట వచ్చింది.

ఆరాధన అయ్యాక కీబోర్డు మళ్లీ సంచిలోకి వెళ్లిపోయింది. భోజనాల దగ్గర బావ మెల్లగా పక్కకి చేరాడు.

"అమ్మీ, అది సర్చిలోనే ఉంచీవే. వారం వారం మొయ్యడమెందుకు, బరువు కదా?"

"పర్లేదు బావా," అంది దొర్కా, ఇంకో ముక్క వడ్డించుకుంటూ. "ఆ రోజు నువ్వన్న మాట కన్నా తేలికే."