రెండు తెలుపు, రెండు ఎరుపు

పదకొండేళ్లుగా ఆమె రన్‌వే దీపాలు చూసుకునే ఎలక్ట్రీషియన్. ఆ దీపాలను నమ్ముకుని రోజూ ఇరవై విమానాలు దిగేవి. ఆమె మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. తోటివాళ్లు ఆ మాట ఎత్తితే, కింద ఉండి చూసుకోవడానికీ ఒకరుండాలి కదా అని నవ్వేసేది.

ఆమె ప్రాణమంతా రన్‌వే పక్కన వరసగా ఉన్న నాలుగు దీపాల పెట్టెల మీదే. దిగే పైలట్‌కి ఎత్తు చెప్పేవి అవే. విమానం సరైన ఎత్తులో వస్తుంటే రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనబడతాయి. మరీ పైనుంటే నాలుగూ తెలుపు, మరీ కిందికి జారితే నాలుగూ ఎరుపు. పెట్టె వంపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా లెక్క తప్పుతుంది.

ఆ ఏడు వానలకి నేల మెత్తబడి మూడో పెట్టె దిమ్మె కుంగింది. ఆమే, ఆమెతో జోడీగా పనిచేసే మెకానిక్కూ వారం పాటు తవ్వి, కొత్తగా కాంక్రీటు పోసి, పెట్టెను మళ్లీ నిలబెట్టారు. ఇక పరీక్ష విమానం వచ్చి, పైనుంచి చూసి సరే అనాలి.

ఒక మధ్యాహ్నం ఆ విమానం వచ్చింది. నాలుగు సీట్ల చిన్న బండి. నడిపేది యాభై దాటిన ఆవిడ. దీపాలు ఎక్కడ రంగు మారుతున్నాయో చూసి కిందివాళ్లకు రేడియోలో చెప్పాల్సిన సహాయకుడు, చెవిపోటు భరించలేక దిగగానే డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ పెట్టెల సంగతి బాగా తెలిసినవాళ్లు ఎవరని పైలట్ అడిగింది. విమానాశ్రయం పెద్దసారూ మెకానిక్కూ ఒకేసారి ఆమెవైపు తిరిగారు.

ఆమె తప్పించుకోవాలని చూసింది. బూట్లనిండా బురద అంది. పైలట్ పాత పేపరొకటి తెచ్చి సీటు ముందు పరిచింది.

ఆమె ఇంటికి ఫోన్ చేసి అత్తగారితో, ఇవాళ ఆలస్యమవుతుంది, విమానం ఎక్కుతున్నాను అని చెప్పింది.

“మన ఇంటి మీదుగానే కదమ్మా వస్తావు?” అని అడిగారావిడ.

“అవునత్తయ్యా.”

ఆవిడ టక్కున ఫోన్ పెట్టేశారు.

విమానం లేచేటప్పుడు ఆమె కళ్లు గట్టిగా మూసుకుని బెల్టు పట్టుకుంది. దీపాలు చూడ్డానికి తెచ్చుకున్న మనిషి కళ్లు మూసుకుంటే ఎలాగని పైలట్ నవ్వింది. ఆమె మెల్లగా ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. రన్‌వే అరచేతిలో గీతంత ఉంది. దాని పక్కన నాలుగు తెల్లటి చుక్కలు. పొద్దున తన చేత్తోనే తుడిచిన అద్దాలు.

కిందికి దిగుతుంటే రన్‌వే వైపు నుంచి మొదటిది ఎర్రబడింది. కాసేపటికి రెండోది. మూడోది ఎర్రబడాల్సిన చోట కూడా తెల్లగానే ఉండిపోయింది. భయం సంగతి అక్కడితో మర్చిపోయింది. రేడియో అందుకుని, కింద పెట్టె దగ్గరున్న మెకానిక్‌ని పిలిచింది.

“తమ్ముడూ, మూడోది కొంచెం ముందుకి వాలింది. ముందు కాలు స్క్రూ పావు చుట్టు పైకి తిప్పు.”

“పావేనా అక్కా?”

“పావే. ఎక్కువ తిప్పావంటే నేనే దిగొచ్చి తిప్పుతా.”

రెండోసారి వస్తుండగా, ఆ డాబా మీద పచ్చగా ఎగురుతున్నదేమిటని పైలట్ అడిగింది. ఆమె వంగి చూసింది. అత్తగారు దుప్పటి రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నారు. ఈసారి మూడో దీపం ముందుకంటే నయమైంది గానీ ఇంకా ఆలస్యమే. అందులో సగం తిప్పమంది. మూడోసారికి పక్కింటి డాబా మీద కూడా జనం. నాలుగోసారికి వీధంతా డాబాలెక్కింది. తువ్వాళ్లు, చీరలు, ఎవరిదో గొడుగు. మళ్లీ పైకి లేచి వెళ్తూ పైలట్ రెక్కలు అటూ ఇటూ ఊపింది. కింద జనం గంతులేశారు.

అయిదోసారి మూడో దీపం సరిగ్గా ఎర్రబడాల్సిన చోటే ఎర్రబడింది. పొద్దు వాలుతోంది. ఆఖరి చుట్టుకి రన్‌వే దీపాలన్నీ వేయమని ఆమె కిందికి చెప్పింది. ముందు తెల్లటి బారు వెలిగింది, ఆ కొసన పచ్చటి గీత, దాని వెనక రెండంచులా చివరిదాకా దీపాలు. ఆ మధ్యలోకి విమానం నేరుగా దిగుతోంది. రెండు తెలుపు, రెండు ఎరుపు, చక్రాలు నేలకి దగ్గరయ్యేదాకా కదల్లేదు. ఆమెకి నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి.

రిపోర్టు మీద పైలట్ అక్కడే సంతకం పెట్టింది. దీపాలు బిగించినవాళ్లే పైనుంచి చూడబట్టి అయిదు గంటల పని రెండు గంటల్లో తెమిలిందని, ఇకమీదట ప్రతి పరీక్షకీ వాళ్లలో ఒకరు రావాలని కింద రాసింది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు భుజాలకు నూనె రాసుకుంటున్నారు. కోడలు కనబడిందని, చెయ్యి కూడా ఊపిందని అప్పటికే వీధి మొత్తానికి చెప్పేశారు. అంత ఎత్తున మనిషి కనబడదని చెప్పబోయి, ఆమె మాట మింగేసి, ఆవిడ చేతిలోంచి నూనె సీసా తీసుకుని భుజాలు రుద్దుతూ కూర్చుంది.

మర్నాడు మెకానిక్ పొద్దున్నే వచ్చి, వచ్చే పరీక్షకి తన వంతే కదా అని ఖాయం చేసుకున్నాడు. తర్వాత కాస్త దగ్గరికి జరిగి, పైన కడుపులో తిప్పుతుందా అక్కా అని మెల్లగా అడిగాడు.