మనసు బాగుంటే ఒకటి

అమలాపురం కాలేజీలో సైకాలజీ చెప్పే రూతు మేడం ముసలాళ్ళకు సెల్‌ఫోన్లు ఊరికే పంచిపెట్టి, వాళ్ళ ఏడుపులన్నీ విశాఖపట్నంలో ఏదో కంప్యూటర్లో పోగేయిస్తోందట. పాలు పోసే మనిషి చెప్పాడని ముక్తేశ్వరంలో వీరాయమ్మ వీధంతా చెప్పింది. "ఎందుకనుకున్నారు? అమ్ముకోడానికండీ! ఇప్పుడు దేనికైనా బేరం ఉంది" అని తీర్పు కూడా ఇచ్చేసింది.

రెండు వేల ఎనిమిదిలో ఆ వేసవి పొద్దున రూతు ఎప్పటిలాగే ముక్తేశ్వరంలో బస్సు దిగి, నొప్పిగా ఉన్న మోకాలిని ఒకసారి తడుముకుని, గొడుగు విప్పి నడవసాగింది. నలభై దాటిన మనిషి. వేరే గ్రూపులో సీటు దొరకని పిల్లలకు పాఠాలు చెబుతూనే జుట్టు నెరిసింది. పరిశోధన ఎప్పటికప్పుడు వెనకబడుతూ వచ్చి, ఇప్పటికి ఈ ఫోన్ల దగ్గర ఆగింది.

పని చిన్నదే. ఒంటరిగా ఉండే వృద్ధులకు రోజూ సాయంత్రం ఫోను మోగుతుంది. రికార్డు చేసిన రూతు గొంతు అడుగుతుంది: "ఈ రోజు మీ మనసెలా ఉందండీ? బాగుంటే ఒకటి, ఓ మాదిరిగా ఉంటే రెండు, బాగోకపోతే మూడు నొక్కండి."

అందరూ ఒకటే నొక్కుతున్నారు. పక్షవాతమొచ్చిన బాపిరాజు గారూ ఒకటే. అందరూ సుఖంగా ఉంటే ఇక పరిశోధించడానికి ఏముందని, ఈ నెల దాటితే ఫోన్లు వెనక్కి ఇచ్చేయమని పీహెచ్‌డీ గైడు చెప్పేశాడు. రూతుకు ఆ ఒకటి వెనక ఏముందో చూడాలనిపించింది.

ఫోన్లు ఇచ్చిన ఇళ్ళన్నీ తిరిగి, సాయంత్రానికి ఒంటరిగా ఉండే సూరమ్మ ఇంటికి చేరింది. కొబ్బరి పీచు పేని పేని సూరమ్మ వేళ్ళు వంకర తిరిగిపోయాయి. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. గిన్నెలో గంజి ఎండి అట్టకట్టింది.

"ఏంటి మామ్మగారూ, తినలేదా?"

"సయించట్లేదమ్మా. నిద్రా లేదు. రాత్రంతా పోయిన మా ఆయన పిలిచినట్టే ఉంటాది."

అంతలో ఫోను మోగింది. సూరమ్మ పైట సర్దుకుని రెండు చేతులతో దాన్ని చెవికి ఆనించుకుంది. "ఆయ్, బాగున్నాం తల్లీ. నువ్వు బాగున్నావా? అన్నం తిన్నావా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగి, వెతుక్కుని ఒకటి నొక్కింది.

"గొంతు మీదేగానీ, ఈవిడికి మర్యాద తక్కువమ్మా. తిరిగి అడిగితే పలకదు."

రూతు నవ్వాపుకుంది. "మరి ఒకటెందుకు నొక్కేరు? ఇప్పుడే కదా నిద్ర లేదన్నారు?"

"అయ్యో! పలకరించిన పిల్లకి మొదటి మాటే బాగోలేదంటావా? కూర్చోవాలి, కుశలం అడగాలి, అప్పుడు కదా కష్టం చెప్పుకునేది!"

"ఈసారి బాగోకపోతే మూడు నొక్కండి మామ్మగారూ. నాకు తెలిసిపోతుంది."

తిరుగు బస్సులో కండక్టరు అడిగాడు: "బాగున్నారా మేడం గారూ?"

"ఆయ్, బాగున్నానండీ." అనేశాక, పొద్దుట్నుంచీ సలుపుతున్న మోకాలు గుర్తొచ్చి రూతుకు తన మీద తనకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ చదువులో ఎక్కడా లేని సంగతి తన నోట్లోనే ఉంది.

రికార్డింగు మార్పించింది. ఇప్పుడా గొంతు ముందుగా, "నేను బాగున్నానండీ, అన్నం తిన్నాను. మీ సంగతి చెప్పండి" అని కాసేపు ఆగుతుంది. ఆ తర్వాతే అడుగుతుంది. మర్నాటి నుంచే రెండ్లు, మూళ్ళు రావడం మొదలైంది. బాపిరాజు గారు మూడు నొక్కారు. సూరమ్మ రోజూ మూడే. అంతవరకూ చదునుగా ఉన్న గ్రాఫు గీత కంప్యూటర్లో లేచి పడుతుంటే రూతు ఆనందంగా చూసుకుంది. గైడు మెచ్చుకుని, ఫోన్లు ఉంచమన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దే రోజులవి. వచ్చే ఆదివారం వెళ్దామనుకుంది. అది దాటి పై ఆదివారం వెళ్ళింది.

అప్పటికే సూరమ్మను చర్చి వెనక పాతిపెట్టి వచ్చారు. చివరి రోజుల్లో గంజి నీళ్ళు పోసిన వీరాయమ్మే గది ఊడుస్తోంది. సమాధి దగ్గర్నుంచి వచ్చిన నలుగురైదుగురు అరుగు మీద కూర్చున్నారు. రూతు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రోజూ మూడు నొక్కేరండీ. నేను చూస్తూనే ఉన్నాను" అంది మెల్లగా.

వీరాయమ్మ చీపురు ఆపింది.

"మీరు చూస్తున్నట్టు సూరమ్మకేం తెలుసండీ? మూడు నొక్కితే వస్తారనుకుని, రోజూ మీకోసం నాచేత చాప పరిపించేది."