జల్లెడకు తెలిసిన మాట

ఆఫీసులో పనిమనిషి ఇంకా ఊడుస్తుండగానే అతను తనకు తానే ఒక మెయిల్ పంపుకున్నాడు. అందులో ఒకటే మాట: మొద్దబ్బాయ్. అది వెళ్ళి, తిరిగొచ్చి, ఇన్‌బాక్సులో పడేదాకా చూశాడు. చెరిపేసి అసలు పనిలో పడ్డాడు.

అసలు పనంటే చెత్త ఏరడం. నీటి సరఫరా ఆఫీసుకు వచ్చే మెయిళ్ళలో లాటరీలనూ బట్టతల మందులనూ ఫిల్టర్ పక్కన పడేస్తుంది. పొరపాటున వాటిలో కలిసిపోయిన మంచివాటిని అతను బయటికి తీస్తాడు. పదహారేళ్ళుగా ఇదే. ఉబ్బిన కళ్ళు. జేబులో రెండు పెన్నులు, రెండూ రాయవు. బల్ల అంచుకు ఒరిసి ఒరిసి కుడి మణికట్టు దగ్గర చర్మం నున్నగా గట్టిపడిపోయింది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ జల్లెడ గారు.

"ఏం జల్లెడ గారూ, మా ఆడపడుచు ఫొటోలు మళ్ళీ మింగేశారా?" టైపిస్టు గుమ్మంలోంచే అడిగింది.

"నేను కాదమ్మా, అది."

"దాన్ని పెంచింది మీరేగా!"

"అన్నీ ఎర్రక్షరాల్లో రాయొద్దని చెప్పండి ఆవిడకి. లాటరీ వాళ్ళు అలాగే రాస్తారు."

"నేను చెప్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. మీరే చెప్పండి, పుణ్యముంటుంది."

పెంచింది తనే, నిజమే. ఊరూ పేరూ తెలియనివాళ్ళెవరో రాసి, ఊరికే వాడుకోండని వదిలిన సాఫ్ట్‌వేర్ అది. పెట్టిన కొత్తలో దానికి ఏమీ తెలియదు. ఇది చెత్త, ఇది మంచిది అంటూ కొన్ని వందల మెయిళ్ళు చూపించి నేర్పాలి. చెత్తకేం, కావలసినంత ఉంది. మంచివే లేవు, అప్పట్లో ఆఫీసులో మెయిల్ రాసేవాళ్ళే తక్కువ. అతని దగ్గరున్నవల్లా వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న భార్య రాసినవి. అవే ఇచ్చాడు. అలా ఆ ఫిల్టర్ పైపుల టెండర్లనూ సెలవు చీటీలనూ ఆమె మాటలతో పోల్చి చూడడం నేర్చుకుంది.

తర్వాత ఇద్దరికీ చెడింది. "ఎప్పుడో రాస్తాలే" అని ఆమె వెళ్ళిపోయింది. ఆ కోపంలో అతను ఆమె మెయిళ్ళన్నీ చెరిపేశాడు. ఫిల్టర్‌లో మాత్రం మాటలు మిగిలాయి. వాక్యాలు కావు, విడివిడి మాటలు. చాలాకాలం కనబడని మాటను అది మరిచిపోతుంది. అందుకే రోజూ పొద్దున్నే ఆ మెయిల్. ఆమె ఏ కొత్త అడ్రసు నుంచి రాసినా మొద్దబ్బాయ్ అనకుండా రాయదు. ఆ ఒక్క మాట చూసి అది లోపలికి రానివ్వాలి.

పదకొండింటికి బయటి కంపెనీ నుంచి ఇంజనీరమ్మాయి వచ్చింది. మేనేజరు వెంటబెట్టుకొచ్చాడు.

"ఇవాళ్టి నుంచి కొత్త ఫిల్టర్, వీళ్ళ కంపెనీది. ఊరికే వచ్చింది చెడిపోతే ఎవర్ని తిట్టాలి, చెప్పండి?"

"ఇన్నాళ్ళూ నన్నే తిట్టారు కదండీ."

మేనేజరు నవ్వి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి మాటల జాబితా తిరగేస్తూ ఆగింది. "బాబాయ్, ఈ మొద్దబ్బాయ్ ఏంటి? మంచి మాటల్లో మొదటి వరసలో ఉంది, రోజూ పొద్దున్నే ఒక మెయిల్లో వస్తోంది! నీళ్ళాఫీసులో ఎవర్ని ఎవరంటున్నారు?"

"నన్నే. మా ఆవిడ."

"అబ్బో! కొత్తదాంట్లోకి ఇవేవీ ఎక్కవు గానీ, కాపీ చేసివ్వనా? మీ దగ్గరుంటుంది."

"దగ్గరుంచుకుని ఏం చేసుకోనమ్మా? రాస్తే గుర్తుపట్టేది ఒకటుండాలి గానీ."

"దానికేముంది, పిన్ని అడ్రసు చెప్పండి. ఎప్పుడు రాసినా నేరుగా లోపలికి వచ్చేలా రాసేస్తా." వేళ్ళు కీల మీద పెట్టి ఎదురుచూసింది.

అతను ఆ వేళ్ళకేసి చూశాడు.

"పోయి నాలుగేళ్ళయింది."

అమ్మాయి చేతులు ఒళ్ళోకి తీసుకుంది. "మరి రోజూ పొద్దున..." అని ఆగిపోయింది.

"కబురు తెలిసేసరికే మూణ్ణెల్లు దాటింది. అప్పటికి అలవాటైపోయిందమ్మా. లే, పాతదాన్ని నేనాపుతా."

ఆపేముందు కంప్యూటరు మామూలుగానే అడిగింది: ఖాయమేనా? అతను అవునని నొక్కాడు. పెట్టెలో ఫ్యాను మెల్లగా మూలిగి ఆగింది. అమ్మాయి స్క్రూలు విప్పి డిస్కును బయటికి తీసి బల్ల మీద పెట్టింది. కవరు తెస్తానంటూ కళ్ళు దించుకుని వెళ్ళింది.

అతను దాని మీద అరచెయ్యి ఆనించాడు. కారిడార్లో అడుగుల చప్పుడు వినబడగానే తీసేశాడు. సంచీ భుజాన వేసుకుని, ఆమెకు దారిచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బల్ల మీద డిస్కు ఇంకా గోరువెచ్చగానే ఉంది.