మండువా మూసిన మేడ

1984లో నరసరావుపేటలో అద్దెకివ్వడానికి మేడ కట్టించాలని పత్తి వ్యాపారి పున్నయ్య దానియేలు దగ్గరికి వచ్చాడు. దానియేలు డిప్లొమా చదివి, స్టేషన్ రోడ్డులో చిన్న గది తీసుకుని ప్లాన్లు గీసేవాడు.

"లాడ్జిలాగా ఉండకూడదు. ఎనిమిది సంసారాలున్నా ఎవరిల్లు వాళ్లదనిపించాలి," అన్నాడు పున్నయ్య.

పెళ్లయ్యాక పదకొండేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారిన మనిషి దానియేలు. ఆ మాట అతన్ని పట్టుకుంది. నెలరోజులు కూర్చుని గీశాడు. ప్రతి వాటా ముందూ ఒక అరుగు. ప్రతి వంటింటి కిటికీ మండువాలోకి తెరుచుకుంటుంది. అందరికీ నడుమ ఆ మండువా, పైన ఆకాశం.

పునాదులు తవ్వేటప్పుడు మేస్త్రీ కాలేషా అతన్ని పిలిపించాడు. ఒకచోట గడ్డపార మొత్తం దిగిపోతోంది.

"పూడ్చిన బావి బాబూ. చానా పెద్దది. చెత్తేసి పూడ్చారు."

పున్నయ్యకు ఆ సంగతి తెలుసు. "మా నాయన పూడ్పించాడు. ఎవరికీ చెప్పబాకండి. తెలిస్తే అద్దెకెవరొస్తారు?"

దానియేలు ప్లాను మార్చి, బావి సరిగ్గా మండువా కిందికి వచ్చేలా చేశాడు. "ఇక్కడ ఎప్పటికీ బరువు పెట్టకూడదు," అన్నాడు. పున్నయ్య తలూపాడు.

మేడ లేచింది. సంసారాలు దిగాయి. కింది వాటాలో చేరిన అక్తర్ బేగం, భర్త పోయాక బట్టలు కుట్టి బతికే మనిషి, తన మిషను అరుగు మీదే పెట్టుకుంది. దానియేలు ఆ దారిన పోతూ సైకిలు ఆపి చూసుకునేవాడు.

రెండేళ్లకు పున్నయ్య మండువాలో గదులు వేస్తానన్నాడు. దానియేలు వద్దన్నాడు. కాలేషా తాపీ పట్టనన్నాడు. పున్నయ్య వేరే ఊరి మనుషులతో రెండు గదులు కట్టించి, వాటి మీద నీళ్ల ట్యాంకు పెట్టించాడు. ఇళ్లలోకి వెలుగు రావడం ఆగిపోయింది. బావి మాట అద్దెవాళ్లకు చెప్పాలనుకున్నాడు దానియేలు. ప్లాను మీద తన సంతకం ఉంది. చెప్పలేదు.

ఆ ఏడు ఆగస్టులో వారం రోజులు వాన పడింది. ఎనిమిదో రోజు పొద్దున అక్తర్ బేగం అతని గదికి వచ్చింది.

"తలుపు గడియ పడటంలా ఇంజనీరు బాబూ. నిన్నటిదాకా బాగానే ఉంది."

వెళ్లి చూశాడు. వంటింటి గోడలో వేలు పట్టేంత పగులు. దానికి అడ్డంగా గాజుముక్క సిమెంటుతో అంటించాడు. గోడ కదిలితే అది విరుగుతుంది. మర్నాడు పొద్దున్నే వచ్చేసరికి గాజు రెండు ముక్కలై ఉంది.

"అందరూ బయటికి రండి. మండువా కింద బావి ఉంది," అన్నాడు.

అక్తర్ బేగం అతని ముఖంలోకి చూసింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

ఆమె మిషను ఎత్తుకుని వీధిలోకి నడిచింది. ఆమెను చూసి మిగతా వాళ్లూ పిల్లల్ని, మూటల్ని పట్టుకుని వచ్చారు. కబురందుకుని పున్నయ్య వచ్చాడు.

"నా మేడకు వంక పెడతావా? ఏందిరా అయ్యేది? చూడండి, నేనే పోయి నిలబడతా," అంటూ కొత్త గదిలోకి వెళ్లాడు.

లోపల ఎక్కడో ఇసుక జారుతున్న చప్పుడు. దానియేలు పరుగెత్తాడు. అతను గుమ్మం చేరేసరికి గచ్చు ఒక పక్కకు ఒరిగింది. పున్నయ్య చెయ్యి దొరికింది. లాగుతుండగానే ట్యాంకుతో సహా గది కిందికి దిగిపోయింది. మట్టినీళ్లు వీధిదాకా వచ్చాయి.

పున్నయ్య ప్రాణం దక్కింది, కుడికాలు పోయింది. దానియేలు గీసిన మేడ కూలిందని ఊరంతా చెప్పుకున్నారు. అతను ఎవరికీ ఎదురు చెప్పలేదు.

పది రోజులకు అక్తర్ బేగం ఊళ్లోనే బరంపేటలో ఒక గది చూసుకుని అతనికి కబురు పెట్టింది. దానియేలు గోడలన్నీ తట్టి చూసి, బాగానే ఉన్నాయన్నాడు.

"నేల సంగతి?"

"తెలియదమ్మా. కనుక్కుంటా."

ఆ వీధిలో ముసలివాళ్లను వెతుక్కుంటూ ఒక్కో గుమ్మమే ఎక్కసాగాడు. అతను తిరిగొచ్చేదాకా ఆమె లోపలికి అడుగు పెట్టలేదు.