ఫగా దొరికే జాగ

ఫోను ఇంట్లో పెట్టి రావాలి. బండెక్కగానే వెనక సీట్లో పడుకొని దుప్పటి కప్పుకోవాలి. చేరేదాకా తల బయట పెట్టకూడదు. వీటికి ఒప్పుకుంటేనే ఫగా దొరికే చోటికి తీసుకుపోతానన్నాడు రఫీయుద్దీన్ చాచా. నలభై రెండేళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, కంపెనీలో సర్వే ఇంజనీరుని. అయినా సిగ్గు లేకుండా సరేనన్నాను.

పదకొండేళ్ళుగా అడుగుతున్నాను మరి. చాచా మా సర్వే టీముకు డ్రైవరు. కోరుట్ల మనిషి, నాది పెద్దపల్లి దగ్గర. చలికాలం మొదట్లో ఉరుములతో వాన పడిందంటే, ఎండలు ముదిరేలోగా ఖతార్ ఎడారిలో నేల లోపల ఫగా ఊరుతుంది. పుట్టగొడుగు జాతిదే కానీ గొడుగు ఉండదు, పైకి రాదు, చూస్తే మట్టి అంటిన ఆలుగడ్డ. ఏటా వసంతంలో ఒక శుక్రవారం చాచా ఒక్కడే ఎక్కడికో పోయేవాడు. సాయంత్రానికి అల్ ఘర్రాఫాలోని మా ఇంటికొచ్చి కాగితంలో చుట్టిన నాలుగు ఫగాలు నా భార్య ప్రతిమ చేతిలో పెట్టేవాడు. ఇసుక పోయేదాకా ఆమె ఏడు నీళ్ళతో కడిగి, నువ్వుల పొడి వేసి వండితే, ఆ పూట తినడంలో పడి మా ఇంట్లో మాటలుండేవి కావు.

ఎక్కడ దొరికాయని అడిగితే మాత్రం "భూమిల" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది. కానీ గట్టిగా తిట్టడానికి నోరు రాదు. మా వైపూ అంతే కదా. పుట్టకొక్కులు, అంటే పుట్టగొడుగులు, లేచే పుట్ట ఎక్కడుందో కన్నబిడ్డకైనా చెప్పరు. మా అమ్మ తొలకరికి చీకటితోనే పోయి కొంగు నిండా తెచ్చేది, వెంటపడితే రాళ్ళు విసిరి వెనక్కి పంపేది. చెబితే పుట్ట అలుగుతుందట. చెప్పకుండానే పోయింది. ఆ పుట్ట మీద ఇప్పటికీ ఏటా పుట్టకొక్కులు లేచి, ఎవరూ చూడకుండానే కుళ్ళిపోతుంటాయి. అది తలచుకున్నప్పుడల్లా నాకు అమ్మ మీద కోపమూ దుఃఖమూ ఒక్కసారే వస్తాయి. ఈ ఫగా జాగ కూడా అలా పోకూడదని నా పట్టుదల.

ఈ ఏడు నేను అడగకముందే చాచా పిలిచాడు.

"వచ్చే నెల లైసెన్సు రెన్యువల్ ఉన్నది సార్. ఆ తర్వాత ఏమైతదో. ఈ శుక్రవారం పోదాం" అన్నాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి, ఇంటికి పోవాలనే ఆలోచన వచ్చిందేమో అనుకున్నాను. ఈ మధ్య కాస్త పరధ్యానంగా కూడా ఉంటున్నాడు. మొన్నటికి మొన్న రివర్సులో నా ట్రైపాడ్‌ను తొక్కించాడు. చాయ్ పోస్తే సగం కప్పు బయట పోస్తున్నాడు.

తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపులో తన రూమ్మేటు దగ్గర అడిగి తెచ్చిన పికప్‌తో వచ్చాడు. వీధంతా పొగమంచు. ఎదురింటి గేటు కనబడటం లేదు.

"ఫోన్ ఇంట్ల పెట్టినవా?"

"పెట్టిన చాచా."

"వాచీ?"

అది దారి గుర్తుపెట్టుకునే రకం వాచీ. గుమ్మంలో నిలబడి నవ్వుతున్న ప్రతిమ చేతికి దాన్ని కూడా ఇచ్చేసి, వెనక సీట్లో ముడుచుకొని, దుప్పటి కప్పుకున్నాను. అందులో అత్తరు వాసన, ఉల్లిగడ్డ వాసన, ఎవరిదో పాత చలికాలపు వాసన.

కళ్ళు మూసినా సర్వేయరు బుర్ర ఊరుకుంటుందా? లోలోపల లెక్క మొదలుపెట్టాను. కుడి. నేరుగా నాలుగు నిమిషాలు. రౌండెబౌట్. మళ్ళీ నేరుగా. బండి ఎడ్లబండి కన్నా మెల్లగా పోతోంది. పెద్ద రోడ్డు మీద ఎవడో వెనక నుంచి హారన్ మోగించి తిట్టి పోయాడు. లెక్క ఎక్కడో తెగిపోయింది. టైర్ల కింద తారు పోయి గులకరాళ్ళు వచ్చాయి, ఆ సవ్వడికి నిద్ర పట్టింది. కలలో మా అమ్మ మంచులో నడుస్తోంది, నేను వెంట పోతున్నాను, ఆమె ఎందుకో రాయి విసరడం లేదు.

మధ్య మధ్య బండి ఆగినప్పుడల్లా మెలకువ వస్తోంది. తలుపు తెరుచుకుంటుంది, అడుగుల చప్పుడు ముందుకు పోతుంది, తిరిగొస్తుంది, బండి కదులుతుంది. అలా ఏడెనిమిది సార్లయినా జరిగింది. నన్ను తికమక పెట్టడానికే ఈ నాటకమంతా అనుకొని దుప్పటి కిందే పళ్ళు నూరుకున్నాను. ముసలాయన మూడు చెరువుల నీళ్ళు తాగిస్తున్నాడు.

"యల్లా సార్, దిగు."

దిగితే లోకం లేదు. నేలా ఆకాశమూ ఒకే తెలుపు. కాళ్ళ కింద మాత్రం నాలుగడుగుల నేల, దాని మీద పిడికెడంత మొక్కలు, వాటి చిన్న పసుపు పూలు. వాన నీళ్ళు నిలిచే పల్లపు భూమి అది, బండితో తొక్కకూడదని బయటే ఆపాడు. ఎక్కడో ఒంటె అరిచింది, ఆ అరుపు కూడా మంచులో నానినట్టు వచ్చింది.

చాచా చెప్పులు విడిచాడు. నన్నూ విడవమన్నాడు. నా అలవాటు కొద్దీ నేను పుట్ట కోసం చూస్తున్నాను.

"కండ్లతోని దేవులాడితె దొరకది. కాలుతోని చూడాలె. ఈ చెట్టు మొదట్ల నేల జరంత ఉబ్బుతది, పగులుతది. అరికాలుకు తెలుస్తది."

చల్లటి తడి ఇసుక మీద ఇద్దరం ఒకరి వెనక ఒకరం మెల్లగా నడిచాం. చాచా ఒకచోట ఆగి, వంగి, అరచేతితో నేలను నిమిరాడు. జేబులోంచి పాత చెంచా తీసి చుట్టూ తవ్వి, పసిబిడ్డను ఎత్తినట్టు ఒకదాన్ని ఎత్తాడు. తెల్లగా, నా పిడికిలంత ఉంది. వాన వాసన, గింజల వాసన, పేరు తెలియని ఇంకేదో వాసన. గుంతను మళ్ళీ మట్టితో పూడ్చి, రెండుసార్లు తట్టి, సలాం చెప్పాడు.

"మూయకపోతె మల్ల ఏడు రాదు. చిన్నయి తియ్యద్దు."

రెండోది నా కాలికి తగిలింది. అరికాలి కింద నేల కాస్త మెత్తగా లేచి ఉంది, సన్నటి పగులు. నేనే తవ్వాను. చిన్నప్పుడు అమ్మ కొంగు విప్పితే బయటపడిన పుట్టకొక్కులు గుర్తొచ్చి కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. తర్వాత ఎన్ని దొరికాయో, ఎంతసేపు నడిచామో తెలియదు. లెక్క పెట్టకుండా గడిచిన పొద్దు నా ఉద్యోగంలో అదొక్కటే.

అప్పుడు మంచు విడిచింది. ఎవరో తెర లాగినట్టు కాదు, పాల మీద మీగడ పక్కకు జరిగినట్టు మెల్లగా. ముందు నా నీడ వచ్చింది. తర్వాత ఒంటి తుమ్మచెట్టు, దూరంగా కరెంటు టవర్ల వరస, నీలి ఆకాశం. ఎండ మొహం మీద కొడుతుంటే నేను చేయి అడ్డం పెట్టుకున్నాను.

చాచా నాలుగడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చొని, నాకేసి కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు.

"ఈ మంచు ఇయ్యాళ ఇడిసెటట్టు లేదు సార్" అన్నాడు.

ట్రైపాడ్ గుర్తొచ్చింది, చాయ్ గుర్తొచ్చింది. దారి పొడుగునా దిగి ముందుకు పోయి వచ్చిన అడుగుల చప్పుడు గుర్తొచ్చింది. అది నాటకం కాదు. ఆ మనిషి ప్రతి మలుపు దగ్గరా దిగి, కాలితో దారి చూసుకొని, మళ్ళీ వచ్చి బండి నడిపాడు.

"అవును చాచా. ఇంక ఇడువలే" అన్నాను.

చాచా చెయ్యి వెనక్కి పెట్టి తన వీపును తడుముకున్నాడు.

"అబద్ధం ఆడుడు నీకు రాదు సార్. మంచు ఉంటె వీపు ఎందుకు కాలుతది?"

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "పెద్ద రోడ్డు మీద ఎట్ల నడిపినవ్? నాకు ఇద్దరు పిల్లలు తెలుసా? ఎవర్నన్న గుద్దితె?" అని అరిచాను.

"ముంగట లారీ ఎర్ర లైట్లు పట్టుకొని వచ్చిన. తప్పే. ఖుదా మాఫ్ చెయ్యాలె." తల వంచుకున్నాడు. "షుగర్ సార్. ఎడమ కన్ను పోయిన రంజాన్‌కే పోయింది. కుడిదాంట్ల తెల్లగ పొగ. డాక్టరు ఇగ చూపు రాదన్నడు. లైసెన్సుకు కండ్ల పరీక్ష పెడ్తరు కదా, ఆడికి అయిపోయినట్టే. కంపెనీ ఇంటికి పంపుతది."

"మరి నన్నెందుకు దుప్పటి కింద పండుకోబెట్టినవ్? ముందే చెప్తె నేనే నడుపుతుంటి."

"నువ్వు కండ్లు తెరుచుకొని కూసుంటె నేను దిగి తడుముకునుడు చూస్తవు కదా. ఆఖరిసారి గూడ నేనే దొరకబట్టాలె అనుకున్న. దిగి నడిచినప్పుడు దిక్కు తప్పిన గూడ, నిన్ను పిలిస్తె ఇజ్జత్ పోతదని పిలువలే. మీ అమ్మ సంగతి చెప్పినవు ఒకసారి. ఈ జాగ నాతోనే కుళ్ళిపోవద్దనుకున్న."

కుర్తా జేబులోంచి తాళంచెవి తీసి గాలిలోకి చాపాడు. నేనున్న వైపు కాదు, కాస్త పక్కకు. నేను జరిగి ఆ చేతి ఎదుటికి వెళ్ళి అందుకున్నాను. పదకొండేళ్ళు కావాలనుకున్నది చేతిలోకి వచ్చింది, నాకది ఒక్క క్షణం కూడా వద్దనిపించింది.

"తోవ నాకు తెల్వది చాచా."

"కండ్లు తెరుచుకొని పో. తెలుస్తది."

బండి దగ్గరికి వచ్చాక ముందు సీటు తలుపు తెరిచాను. ఆయన ఎక్కలేదు. తడుముకుంటూ వెనక సీట్లోకి పోయి పడుకొని, దుప్పటి మీదికి లాక్కున్నాడు. అందులోంచే గొంతు వచ్చింది. "తుమ్మచెట్టు నీకు కుడి పక్కకు ఉండాలె. చూసినవా?"

"చూసిన."

"ఎవ్వరికీ చెప్పకు. ఇయ్యాల్సిన దినం వస్తె ఒక్కనికి ఇయ్యి."

బండి కదిలించాను. టవర్లు లెక్కపెట్టాను, చెట్టును చూశాను, టైర్ల జాడ రోడ్డెక్కే మలుపును చూశాను. కళ్ళలో నీళ్ళకు అన్నీ అలుక్కుపోతున్నాయి, తుడుచుకొని మళ్ళీ చూశాను. ఒక్కటి కూడా తప్పిపోకూడదు.

"వచ్చే ఏడు నిన్ను నేనే తీస్కస్త చాచా" అన్నాను.

"వచ్చే ఏడు నేను కోరుట్లల ఉంట సార్." దుప్పటి కింద చిన్నగా నవ్వాడు. "ఈడ తొలి ఉరుము ఉరిమిన దినం ఫోన్ చెయ్యి. నువ్వేం మాట్లాడకు. ఫోన్ కిటికీల పెట్టు, నేను ఆ ఉరుము ఇంటుంట."